నా నెత్తి మీది ఒట్టు

జూలై 2

కోర్సు వాళ్లకు ఇవ్వాల్సిన రిఫ్లెక్టివ్ జర్నల్ వేరే ఉంది. అందులో ప్రతి పేజీ 'ఈరోజు ఎంతో నేర్చుకున్నాను' అని ముగియాలి. ఇది అది కాదు. దీన్ని ఎవరికీ చూపించను కాబట్టి ఇందులో ఏమీ నేర్చుకోకపోయినా ఫర్వాలేదు.

ఎమ్మెస్‌డబ్ల్యూ అయిపోయింది. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్ ట్రైనీని. సగం క్లాసులు, సగం ఫీల్డు. నస్పూర్‌లో మా అవ్వ మాత్రం, కన్నతల్లి అయ్యుండి, వాడకట్టు అంతా నేను నర్సునని చెబుతోంది. తాగుబోతులతో పని అంటే సంబంధాలు రావట. బాపు బొగ్గుబాయి మనిషి, ఆయనకు ఏ పనైనా పనే. జీతం ఎప్పటి నుంచి ఇస్తారని ఒక్కటే అడిగాడు.

మా సూపర్‌వైజర్ మమతారాణి మేడం. మెల్లగా మాట్లాడుతుంది, పొగడదు. మొదటి రోజే చెప్పింది: మీరు ఇక్కడ ఎవర్నీ బాగు చేయరు, వాళ్లు బాగుపడుతుంటే పక్కన ఉంటారు, అంతే అని. నాకు నచ్చలేదు. బాగు చేయడానికే కదా ఇంత చదివి వచ్చింది.

జూలై 4

మెట్‌పల్లి పక్క ఊళ్లో క్యాంపు. బీడీలు చేసే ఆడవాళ్లే ఎక్కువ వచ్చారు. ఒక్కొక్కరినీ మందు తాగుతారా అని అడిగాను. అందరూ ఛీ ఛీ అన్నారు. ఒకామె నన్ను పైనుంచి కిందికి చూసి, మీ ఇంట్లో తాగుతారా అని ఎదురడిగింది. ఊరు బంగారం అనుకున్నాను.

మధ్యాహ్నం మేడం వచ్చి అదే అరుగు మీద కూర్చుని, కల్లు తాగుతారా అని అడిగింది. తాగుతం అన్నారు, నవ్వుతూ, దాదాపు అందరూ. కల్లు మందు కింద లెక్క కాదు. ఇది నాకు తెలియదా? మా ఇంట్లోనూ ఆదివారం సీసా వస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగి, పుస్తకం చూసి ప్రశ్న అడిగాను. సిగ్గుచేటు.

తిరుగు బస్సులో మేడం చెప్పింది: కొన్నిచోట్ల అమ్మేది చెట్టు కల్లు కాదు, నీళ్లలో తీపి కలిపి నిద్రమాత్రల పొడి వేస్తారు. కల్లుకు అలవాటు పడ్డామని వీళ్లు అనుకుంటారు, నిజానికి పట్టుకున్నది ఆ పొడి. ఇంకా ఏదో చెబుతోంది. కోరుట్లలో సీటు దొరికింది, నాకు నిద్ర పట్టేసింది.

జూలై 11

నాకు అప్పగించిన మనిషి శంకరవ్వ. యాభై దాటిన మనిషి. భర్త పోయి చాన్నాళ్లయింది. కూతురు బాలలక్ష్మి మెట్‌పల్లిలో బట్టల దుకాణంలో పని చేస్తుంది. అల్లుడు మస్కట్‌లో ఉన్నాడు. మనుమరాలు అక్షితకు నాలుగేళ్లు. కూతురు పనికి పోతే పిల్లను చూసుకునేది శంకరవ్వే.

ఉదయం సీసా పడితేనే ఆమె వేళ్లు బీడీ చుట్టే తునికాకు మీద నిలుస్తాయి. సాయంత్రం సీసా పడితేనే నిద్ర. పోయిన నెల మిట్టమధ్యాహ్నం గోడకు ఆనుకుని అట్లాగే నిద్రపోయింది. పిల్ల రోడ్డు మీదికి పోయింది. ట్రాక్టర్ అతను చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి బాలలక్ష్మిది ఒకటే మాట. అమ్మ తాగుడు మానకపోతే పిల్లను తీసుకుని బోథ్‌లో అత్తగారింటికి వెళ్లిపోతుందట. ఈ మాట వచ్చినప్పుడు మాత్రం శంకరవ్వ నవ్వడం ఆపుతుంది.

మిగతా టైమంతా ఆమే నన్ను ఇంటర్వ్యూ చేసింది. పెళ్లయిందా, ఎందుకు కాలేదు, హాస్టల్లో తిండి పెడతారా, ఇంత బక్కగ ఆ బొక్కలు తేలుడేంది. అడగాల్సిన ప్రశ్నల్లో నేను రెండు కూడా అడగలేకపోయాను. అయినా ఆమె నాకు నచ్చింది.

జూలై 18

ఈరోజు సాధించాను.

క్లాసులో కమిట్‌మెంట్ దశ గురించి చెప్పారు. మనిషి తన నోటితో తాను మార్పు గురించి మాట్లాడాలట. శంకరవ్వ ప్రతిసారీ మాట్లాడుతూనే ఉంది. ఇడిసిపెడ్త బిడ్డా, గంతే గదా అంటుంది, చాట ఒళ్లోంచి దించకుండా, బీడీ చుట్టడం ఆపకుండా. నాకు ఒళ్లు మండింది. కల్లులో ఉన్నది నిద్రమాత్రల పొడి అని, అదే ఆమెను పట్టుకుందని విడమరచి చెప్పాను. తల ఊపింది. మళ్లీ అదే, ఇడిసిపెడ్త తియ్.

నోటి మాట చాలదు, ఒట్టెయ్యి అన్నాను.

అక్షిత పక్కనే తంబాకు డబ్బాతో ఆడుకుంటోంది. మా నానమ్మ ఉంటే ఆమె కూడా ఇట్లాగే పిల్ల మీద ఒట్టేయించేది. శంకరవ్వ చేతులు ఆగాయి. చాట పక్కన పెట్టింది. లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది. నేను పెళ్లిలో అయ్యగారిలా ఒక్కొక్క ముక్క చెప్పించాను. కల్లు ముట్టను, కల్లులో కలిపే మందు ముట్టను, ఈ రోజు నుంచే. ఆమె అన్నీ అన్నది. చక్కిలిగిలి అయిందేమో, పిల్ల నవ్వింది. బాలలక్ష్మి కళ్లు తుడుచుకుంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చాలా రోజుల తర్వాత నా మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది.

జూలై 19

మేడంకు ఇంకా చెప్పలేదు. వారం ఆగి రిజల్ట్‌తో చెబుతాను.

జూలై 20, సాయంత్రం

బాలలక్ష్మి ఫోన్. వాళ్లమ్మ రెండు రాత్రులుగా కన్ను మూయలేదట. చేతులు వణుకుతున్నాయట. గోడ మీద లేని చీమలను దులుపుతోందట. కొత్తలో అట్లాగే ఉంటుంది, మజ్జిగ తాగించు, ధైర్యంగా ఉండు అన్నాను. చాలా ధీమాగా అన్నాను.

ఇప్పుడు పుస్తకం తెరవాలంటే భయంగా ఉంది. తెరవలేదు.

జూలై 21

ఉదయం శంకరవ్వకు ఫిట్స్ వచ్చాయి. నాలుక కరుచుకుంది. వాడకట్టు వాళ్లు గాలి సోకిందన్నారట. నిమ్మకాయలు పట్టుకుని ఒకాయన కూడా వచ్చాడట. బాలలక్ష్మి ఎవరి మాటా వినకుండా 108 పిలిచి ఇక్కడికి తీసుకొచ్చింది. స్ట్రెచర్ మీద ఆమెను చూసి గుర్తుపట్టలేదు. నోటి చుట్టూ రక్తం ఎండిపోయి ఉంది. మనుమరాలి గౌను ఒకటి పిడికిట్లో పట్టుకుని ఉంది, నర్సు లాగినా వదల్లేదు.

మా సెంటర్ డాక్టర్ శ్రీహరి సార్ ఇంజెక్షన్ ఇచ్చారు. మేడం వరండాలో నన్ను, బాలలక్ష్మిని కలిపి అడిగింది, ఒక్కసారిగా ఆపమని ఎవరు చెప్పారని. బాలలక్ష్మి నా వైపు చూసింది. నేనే అన్నాను.

మేడం తిట్టలేదు. తిడితే బాగుండేది. ఈ మత్తు ఒంటికి పట్టాక ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు, అందుకే డాక్టర్ చేతి కింద మాత్రలు ఇచ్చి కొంచెం కొంచెంగా దించుతారు అని చెప్పింది. ఆ రోజు బస్సులో చెప్పింది ఇదేనట. నేను ఊ కొట్టానట కూడా.

జూలై 22

శంకరవ్వకు తెలివి వచ్చింది. నన్ను చూసి బిడ్డా అన్నది. నాకు ఏడుపొచ్చింది.

మాత్ర ఇవ్వబోతే, ఏం గోలీ ఇది అని అడిగింది. అబద్ధం చెప్పకూడదన్నది మా మొదటి పాఠం. నిజం చెప్పాను. కల్లులో కలిపేదానికి ఇది దాయాది, కానీ డాక్టర్ చేతుల్లో మందు, రోజురోజుకు తగ్గించి ఆపేస్తారు అని. ఆమె కాసేపు మాత్రను చూసింది. తర్వాత నోరు మూసుకుంది. పళ్లు బిగించి మరీ.

అక్షిత నెత్తి మీద చెయ్యి పెట్టి అన్న మాట అది: కల్లులో కలిపే మందు ముట్టను. ఆ ముక్క నేను చెప్పించిందే. సూది సోయి లేనప్పుడు పడింది కాబట్టి దాని దోషం లేదట. సోయి ఉండి మింగితే పిల్లకు తగులుతుందట.

జూలై 23

శ్రీహరి సార్ చెప్పారు: సూది బలం తగ్గుతోంది, మళ్లీ ఫిట్స్ వస్తే ఈసారి లేవకపోవచ్చు. ప్రాణం మీదికి వస్తే పట్టుకుని సూది వేస్తాం, కానీ వారాల తరబడి ఆమెను పట్టుకుని కూర్చోలేం, తానుగా మింగాలి అని.

గంటసేపు చెప్పాను. విషానికీ మందుకూ తేడా చెప్పాను, పాముకాటు మందు గురించి చెప్పాను. ఆమె అంతా విన్నది. వణుకుతున్న చేతుల్ని తొడల కింద పెట్టుకుని విన్నది. చివరికి మెల్లగా చెప్పింది.

"నువ్వు జెప్పింది అర్థమైంది బిడ్డా. నేను సచ్చినా ఏం గాదు. పొల్లకేమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా?"

బాలలక్ష్మి నన్ను బయటికి పిలిచి, చాయ్‌లో కలిపి ఇచ్చేద్దాం అన్నది. నాకు మంచి ఉపాయమే అనిపించింది. దాచడం ఎందుకు, క్యాంటీన్‌కు పోయి చాయ్ కూడా తెచ్చాను. మేడం గ్లాసు చూసింది, నా మొహం చూసింది.

"కల్లు దుకాణపాయన గూడ గట్లనే కలిపిండు నవీనా. ఆమెకు జెప్పకుండ. మనం గూడ కలుపుదామా?"

చాయ్ నేనే తాగాను. చల్లారిపోయింది.

జూలై 23, సాయంత్రం

ఒట్టు తీసి గట్టు మీద పెట్టమంటారు కదా అమ్మా, తీసేద్దాం అని బాలలక్ష్మి బతిమాలింది. అది పిల్లల ఆట అన్నది శంకరవ్వ. అసలు ఒట్టు వేసినవాళ్లు తీస్తే పోదట. వేయించినవాళ్లు తమ నెత్తిన పెట్టుకుంటేనే పిల్ల మీది నుంచి దిగుతుందట. ఇది చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. అడగలేదు కూడా. గోడ వైపు తిరిగి పడుకుంది.

అవ్వకు ఫోన్ చేసి, మా ఫ్రెండ్ ఒకామెకు ఇట్లా అయింది అని మొదలుపెట్టాను. రెండో మాటకే పట్టేసింది. పెండ్లి కావాల్సిన పిల్లవు, ఎవరో కల్లుతాగే మనిషి ఒట్టు నీకెందుకు, పెట్టించుకుంటే నా మీద ఒట్టే అన్నది. బాగుంది. ఇప్పుడు ఒట్టుకు ఒట్టు అడ్డం.

మేడంను అడిగాను. ఒట్టు ట్రీట్‌మెంట్ కాదు అన్నది. ఈరోజు మింగుతుంది సరే, రేపు ఎప్పుడైనా ఒక గుక్క తాగితే ఏమవుతుంది? సిగ్గుతో, భయంతో మన మొహం చూడదు. ఒట్టు తప్పినవాళ్లు దవాఖాన మెట్లు ఎక్కరు, ఇన్నేళ్లలో తాను చూసింది అదే అన్నది. మరి ఏం చేయమంటారు అన్నాను. చెయ్యమనను, వద్దనను, నేను రౌండ్స్‌కు పోతున్నా అని వెళ్లిపోయింది.

నాకు ఇలాంటివి నమ్మకం లేదు. లేనప్పుడు పెట్టించుకోవడానికి ఏం నొప్పి? ఈ ముక్క రాసి చాలాసేపయింది. నాకు భయంగా ఉంది, ఇదీ సంగతి.

జూలై 24

పెట్టించుకున్నాను.

మంచం పక్కన కింద కూర్చోమన్నది. కూర్చున్నాను. చెయ్యి కడిగించమన్నది, బాలలక్ష్మి గ్లాసుతో నీళ్లు పోసింది. ఆ చెయ్యి నా నెత్తి మీద వణుకుతూనే ఉంది, జడ పిన్ను కదిలింది.

"అక్షిత మీదికెల్లి తీస్తున్న. గీ బిడ్డ మీద పెడ్తున్న. దవాఖాన గోలీ మింగుత. కల్లు ముట్ట. ముడితే గీ బిడ్డకే."

ఆ 'గీ బిడ్డకే' తర్వాత ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు.

మాత్ర మింగింది. నాలుక ఎత్తి నర్సుకు చూపించింది. నిద్రపోయింది. సాయంత్రానికి వణుకు తగ్గింది.

నేను మామూలుగానే పని చేశాను. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకున్నాను. బస్టాండ్ దగ్గర రోడ్డు దాటడానికి ఒక ముసలాయన వెనక నిలబడి, ఆయన దాటితేనే దాటాను.

ఆగస్టు 6

మాత్రలు తగ్గిస్తున్నారు. శంకరవ్వ వార్డులో అందరికీ పెళ్లి సంబంధాలు చూస్తోంది. శ్రీహరి సార్‌ను కూడా నీకెందరు పిల్లలని అడిగింది.

ఆగస్టు 11

ఇంటికి పంపించారు. బోథ్ ప్రయాణం వద్దనుకున్నానని బాలలక్ష్మి చెప్పింది, ఇప్పటికైతే అన్నది. అక్షిత వాళ్ల అమ్మమ్మ నడుము పట్టుకుని బస్సెక్కింది.

పోయేముందు శంకరవ్వ నన్ను వంగమని, నెత్తి మీద పేను చూసినట్టు చూసింది. జాగ్రత్తగా ఉండు అన్నది. మామూలుగా ఈ మాట మేము పేషెంటుకు చెబుతాం.

ఆగస్టు 14

రోజూ ఉదయం ఫోన్ చేస్తోంది. తిన్నవా, మంచిగున్నవా, గంతే. తాను ఎట్లా ఉందో చెప్పదు. ఫోన్ వచ్చిందంటే బాగానే ఉన్నట్టు.

డిపెండెన్సీ మీద క్లాస్ జరిగింది. పేషెంటు కౌన్సెలర్ మీద ఆధారపడకుండా చూసుకోవాలట. నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆగస్టు 20

జ్వరం. ఒళ్లంతా నొప్పులు.

నిజం రాయాలి. జ్వరం తగలగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఆమె తాగిందా? ముందు అవ్వకు ఫోన్ చేసి ఎట్లున్నవ్ అని అడిగాను. నాకేమైంది, దుక్కలా ఉన్నా అన్నది. తర్వాత బాలలక్ష్మికి చేశాను. మాట తిప్పి తిప్పి అడిగాను. అమ్మ చుక్క ముట్టలేదక్కా, ఎందుకు అడుగుతున్నారు అన్నది. ఊరికే అన్నాను.

బ్లడ్ టెస్టులో వైరల్ ఫీవర్ అని వచ్చింది. హాస్టల్లో సగం మందికి ఉంది. ఎమ్మెస్‌డబ్ల్యూ ఫస్ట్ క్లాస్ నాది.

ఆగస్టు 22

తగ్గింది. శంకరవ్వకు జ్వరం సంగతి చెప్పలేదు. గొంతు అట్లున్నదేంది అంటే, ఐస్‌క్రీం తిన్నా అన్నాను. మొదటి పాఠం తప్పాను.

సెప్టెంబర్ 18

మాత్రలు పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు ఒట్టి ఒట్టే.

మేడంతో కూర్చుని, కష్టమైన రోజులు ఏమేం వస్తాయో చూశాం. ముందున్నది ఆదివారం, పెత్రమాస, పెద్దల అమాస. ఇంటింటా చనిపోయిన పెద్దల పేరు మీద కల్లు నేల మీద సాక పోస్తారు. పోసినవాళ్లు నోట్లో వేసుకోకపోతే పెద్దలు ఎంగిలిపడరని, ముట్టనే ముట్టరని అనుకుంటారు. శంకరవ్వ భర్తకు కల్లు అంటే ప్రాణమట. ఫోన్‌లో మాట్లాడి ప్లాన్ చేశాం: సాక బాలలక్ష్మి పోస్తుంది, శంకరవ్వ ఆ టైములో అక్షితను తీసుకుని బతుకమ్మ పూలకు పోతుంది. సరే అన్నది. మరీ తొందరగా సరే అన్నది.

సెప్టెంబర్ 21

ఉదయం ఆమె ఫోన్ రాలేదు. ఇన్నాళ్లలో మొదటిసారి. నేను చేస్తే ఎత్తలేదు. బాలలక్ష్మికి చేస్తే, పండగ గిరాకీ అని సేటు సెలవివ్వలేదట, దుకాణంలో ఉంది. ఆ ఒక్క ముక్కతో నాకు అర్థమైంది, సాక ఎవరు పోస్తారో.

మధ్యాహ్నం నుంచి వాన. హాస్టల్లో కరెంటు లేదు. ఫోన్ ఆగిపోయింది. మేడం చెప్పింది గుర్తొస్తోంది, ఒట్టు తప్పినవాళ్లు మెట్లెక్కరని. ఆమె ఇక రాదు. నాకు ఏదో అవుతుందని కాదు. అది కాదు. ఆమె రాకపోతే ఎట్లా.

సెప్టెంబర్ 22

సెంటర్ గేటు ఇంకా తీయలేదు. గేటు ముందు శంకరవ్వ కూర్చుని ఉంది. మెట్‌పల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చిందట. చీర అంచు అంతా బురద.

నన్ను చూసి లేచింది. చెయ్యి పట్టుకుంది, మోచేయి దాకా తడిమింది.

"నిన్న మొగని పేరు మీద సాక పోసిన బిడ్డా. జర నోట్లేసుకున్న. జరతోటి ఆగలే. నీ ఫోనేమో కలుస్తలేదు. ఉన్నవో పోయినవో సూద్దామని వచ్చిన."

ఉన్నా అన్నాను.

మళ్లీ చెయ్యి ఎత్తి నా నెత్తి మీద పెట్టబోయింది. ఆ చేతిని పట్టుకుని కిందికి దించాను. ఒట్లు వద్దవ్వా, లోపలికి రా, ఎంత తాగినవో చెప్పు అన్నాను.

మెట్లెక్కి వచ్చి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది.